కృత్రిమ మేధకు శాలువా

మా ప్రాంతపు ఇంజినీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్ ఆఫీసర్ల సంఘం వారి వార్షిక నివేదిక చేతికందింది. ఆర్ట్ పేపరు, నాలుగు రంగులు, అట్ట మీద మనిషి చేతిని అందుకుంటున్న మరచెయ్యి. ఇన్ని విజయాలు ఒక్కసారే చదివితే గుండె తట్టుకోదని విడతలుగా చదివాను. ఎంవోయూలు కుదిరాయి. వర్క్‌షాపులు జరిగాయి. పిల్లల భవిష్యత్తు గురించి గోవా సముద్రం ఒడ్డున రెండు రాత్రులు తీవ్రంగా మథనపడ్డారు. ‘ఆఫర్లు’ అని ఒక పెద్ద అంకె కూడా వేశారు. ఒకే అమ్మాయికి నాలుగు కంపెనీలు ఆఫర్ లెటర్ ఇస్తే అవి నాలుగు ప్లేస్‌మెంట్లన్నమాట. ఆమె ఏ ఒక్కదాంట్లోనూ ఇంకా చేరకపోయినా నాలుగే. కౌన్సెలింగ్ సీజన్లో ఫ్లెక్సీ ఎక్కేది ఈ అంకే.

కానీ ఈ ఏడు అసలు ఘనత, పిల్లల రెజ్యూమెలు రాసిపెట్టి ఇంటర్వ్యూలు చేసే ఏఐని అక్కున చేర్చుకోవడం. ఎంత గట్టిగా చేర్చుకున్నారంటే, వార్షికోత్సవంలో దానికి ‘ఉత్తమ కెరీర్ మిత్ర’ అవార్డు ఇచ్చారు. అవార్డు గ్రహీత సాఫ్ట్‌వేర్ కాబట్టి వేదిక ఎక్కలేకపోయింది. దాని తరఫున ఒక లాప్‌టాప్‌ను సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టారు. అధ్యక్షులవారు శాలువా కప్పారు. కార్యదర్శిగారు దండ వేశారు. కోశాధికారిగారికి ఏమీ మిగలక కుంకుమ పెట్టారు. ఆ వెంటనే డెమో. యంత్రం ఇంటర్వ్యూ చేస్తుంది, అధ్యక్షులవారే అభ్యర్థి. శాలువా అంచు కెమెరా మీద పడిందని ఎవరూ చూసుకోలేదు. అధ్యక్షులవారు తన ముప్పై ఏళ్ల సేవను అనర్గళంగా వివరించారు. తెర మీద ఫలితం వచ్చింది: ‘అభ్యర్థి ముఖం కనిపించుట లేదు. ఆత్మవిశ్వాసం తక్కువ. చిరునవ్వు సాధన చేయవలెను.’ హాలంతా చప్పట్లు. యంత్రం ఎంత నిష్పక్షపాతమో చూశారా అని వ్యాఖ్యాత మురిసిపోయాడు. ఈలోగా గాలాడక లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతే, మిత్రుడు భావోద్వేగానికి లోనయ్యాడని సర్ది చెప్పి భోజనాలకు లేచారు.

రెజ్యూమెలు వడకట్టే యంత్రాన్ని అమెజాన్ 2014 నుంచి తయారుచేసుకుంది. అది ఆడవాళ్ల దరఖాస్తులను కిందికి నెడుతోందని తేలి పక్కన పడేసిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. అమెజాన్‌కు శాలువా కప్పాలని తట్టలేదు, అదీ లోపం.

ఇక ఆ మిత్రుడు రాసే రెజ్యూమెల సంగతి. నాకు తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు, మానుకోట దగ్గర ఊరు. నాన్నది మిరప చేను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆయన రాత్రిపూట టార్చి పట్టుకుని బావి దగ్గరికి పరుగెత్తుతుంటే చూడలేక, సిమ్ వేసిన చవక బోర్డు ఒకటి కొని, మోటారు స్టార్టర్‌కు తగిలించి, ఫోన్ నుంచే ఆన్ చేసేలా చేశాడు. ఈ సంగతి తన ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసుకున్నాడు, ఒక స్పెల్లింగ్ తప్పుతో సహా. యంత్రం వందకు 38 వేసింది. ‘మెరుగుపరచు’ నొక్కగానే 94 అయింది. స్టార్టర్ పోయింది, చేను పోయింది, నాన్న పోయాడు. మిగిలింది ‘వినూత్న ఐవోటీ సొల్యూషన్లతో సామర్థ్యాన్ని గణనీయంగా పెంచిన డైనమిక్ ప్రొఫెషనల్’. పక్క బెంచీవాడి రెజ్యూమెలోనూ అదే వాక్యం. వాడు చేను మొహం చూసింది బతుకమ్మకు తంగేడు పూలు కోయడానికి వెళ్లినప్పుడే.

ఒక్క బ్యాచ్ మొత్తం ఒకే మనిషిలా తయారైంది. అవతల కంపెనీలోనూ యంత్రమే చదివి, అన్నీ ఒకేలా ఉన్నాయని పక్కన పడేస్తుంది. రాసేదీ మరే, చదివేదీ మరే. ‘ఏఐ రెడీనెస్ ఫీజు’ కట్టేది మాత్రం మిరపకాయలు అమ్మిన నాన్న. సిగ్గుండాలి కదండీ! ఆ పిల్లవాడికి ఈ లోకంలో తనదంటూ చెప్పుకోవడానికి ఉన్నది ఆ రెండు ముక్కలే. సరిచేయాల్సింది ఒక్క స్పెల్లింగ్. పక్కన కూర్చుని ఆ పని చేసిపెట్టడానికి ఒక మనిషి లేకపోతే మీ కుర్చీ ఎందుకు, మీ సంఘం ఎందుకు?

2023లో విప్రో ఏడాదికి 6.5 లక్షలు ఇస్తామన్న ఫ్రెషర్లను 3.5 లక్షలకు వస్తారా అని అడిగింది. 2025 జూలైలో టీసీఎస్ పన్నెండు వేల పైచిలుకు ఉద్యోగాలు తీసేస్తున్నట్టు చెప్పింది. ఈ పేర్లు నివేదికలో లోగోలుగా మాత్రమే ఉన్నాయి, రంగులు చక్కగా వచ్చాయి.

వచ్చే ఏడు ఒక్క పట్టిక వేయండి: ఆఫర్ ఎందరికి, జాయినింగ్ ఎందరికి, చేతికొచ్చిన జీతం ఎంత. దానికి ఏఐ అక్కర్లేదు. ఫోన్ తీసి, పాసైన పిల్లల్ని ‘ఏం నాన్నా, చేరావా?’ అని అడగండి. సగం మంది ఎత్తరు. కాలేజీ నంబరు కనబడితే చాలు, రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఫీజు నువ్వే కట్టి సర్టిఫికెట్లు తీసుకుపో అంటారేమోనని టెన్షన్.