వచ్చాడా, వచ్చిందా, వచ్చారా

తెలుగు వ్యాకరణం ఆడవాళ్లను పశువుల సరసన నిలబెట్టిందన్న ఫిర్యాదు పాతదే, న్యాయమైనదే. స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివే మహత్తులని, అంటే ‘వస్తాడు’ లాంటి క్రియ దక్కే పదాలని, చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రీకరించాడు. రాముడు వస్తాడు, సీత వస్తుంది, బస్సూ వస్తుంది. బహువచనంలోకి చేరాక గాని ఆడవాళ్లకు మగవాళ్లతో సమానమైన క్రియ దక్కదు. అయితే హైదరాబాదులో కొందరు ట్రాన్స్ మహిళలతో పరిచయం పెరిగాక, మనం చిన్నచూపుగా లెక్కగట్టిన ఆ ‘వచ్చింది’ని కన్నతల్లి నోట ఒక్కసారైనా వినాలని ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు ఉన్నారని తెలిసింది. అందుచేత ఆ ప్రత్యయాన్ని ఊరికే తిట్టిపోయడం నాకిప్పుడు చేతకావడం లేదు.

ఈ నగరంలో రెండు భాషలు పక్కపక్కనే నడుస్తాయి గనుక తేడా తేలిగ్గా తెలుస్తుంది. ఉర్దూలో ‘నేను వెళ్లాను’ అనాలంటే ‘మైఁ గయా’ అనో ‘మైఁ గయీ’ అనో తేల్చుకోవాలి. తన గురించి తాను చెప్పుకునే ప్రతిసారీ లింగం బయటపెట్టాలి. తెలుగులో ‘నేను వెళ్లాను’ అన్నా, ‘నేను పోయిన’ అన్నా ఆ బాధ లేదు. ‘పెద్దవాణ్ణి’, ‘పెద్దదాన్ని’ దగ్గర మాత్రం మన భాషా పట్టేస్తుంది. అసలు చిక్కు ఇతరులు మన గురించి మాట్లాడేటప్పుడు వస్తుంది, ఎందుకంటే అక్కడ నిర్ణయం వాళ్లది.

ఆ చిక్కుకు తెలుగులో మందు లేకపోలేదు. ‘ఫలానా గారు వచ్చారు’ అన్నప్పుడు ఆ వచ్చినవారు ఆడో మగో క్రియ అడగదు. ఈ గౌరవ బహువచనాన్ని మనం హోదాను బట్టి, కులాన్ని బట్టి, జేబును బట్టి పంచుతున్నాం. వార్తల్లో మంత్రి ‘అన్నారు’, నిందితుడు ‘పారిపోయాడు’. కొత్త దుకాణం తెరిచిన రోజు ‘అమ్మా, దీవించండి’ అని దణ్ణం పెట్టినవారే, ఆ దీవించిన మనిషి వెనుదిరగగానే ‘వాడు ఎంత అడిగాడో చూశారా’ అంటారు. ఇది వ్యాకరణం చేసిన పనా? 2024 డిసెంబరులో ఇదే నగర ట్రాఫిక్ విభాగం ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకుంది. యూనిఫాంలో ఉన్నవారికి ఇచ్చే బహువచనాన్ని, అదే కూడలిలో చేయి చాచినవారికి ఇవ్వకపోవడానికి నాకు కారణం కనిపించదు.

చట్టం వాడిన భాష ఇంతకంటే హీనంగా ఉండేది. 1329 ఫసలీ నాటి, అంటే 1919 ప్రాంతపు, నపుంసకుల చట్టం ప్రకారం ట్రాన్స్‌జెండర్ల పేర్లకు ఒక రిజిస్టరు పెట్టేవారు. స్త్రీ వేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఎవరి లింగ గుర్తింపును వారే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో చెప్పినా, తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసేదాకా నిజాం కాలపు ఆ చట్టం పుస్తకాల్లోనే ఉంది. చట్టమే ఒక మనిషిని అలా పిలుస్తూ ఉంటే, ఠాణాలో మర్యాదైన మాట ఎక్కడినుంచి వస్తుంది?

కొత్త పిలుపులతో భాష చెడిపోతుందని బెంగపడే పెద్దలున్నారు. వాళ్ల ఇళ్లలోనే కూతుర్ని ‘ఏం నాన్నా’ అని ముద్దుచేస్తారు. వాళ్ల మనవరాళ్లు స్నేహితురాళ్లను ‘ఏరా’ అని పిలుస్తారు. వాటికి ఎవరూ ఉలిక్కిపడలేదు.

ఒక లోటును మాత్రం ఒప్పుకోవాలి. ‘వచ్చారు’లో గౌరవం ఉంది కానీ చనువు లేదు, ప్రాణస్నేహితుల గురించి ఎవరూ అలా మాట్లాడుకోరు. ఆడా మగా రెండూ కామనుకునేవారికి చనువైన ఏకవచనం తెలుగులో ఇంకా కుదరలేదు. ‘తను’ బాగానే ఉంటుంది గాని, వెనకాల వచ్చే క్రియ గుట్టు విప్పేస్తుంది. విచిత్రమేమిటంటే ‘తను రాలేదు’ అనడానికి ఏ అడ్డూ లేదు, వచ్చిన సంగతి చెప్పాలన్నప్పుడే లింగం కావాలి. అందుకని నేను నేరుగా అడుగుతున్నాను. కొందరు ‘వచ్చాడు’ అనమన్నారు, కొందరు ‘వచ్చింది’ అనమన్నారు. ఒకరు మాత్రం క్రియ ఏదైనా ఫర్వాలేదు గాని, ఇంట్లో పెట్టిన పాత పేరుతో పిలవవద్దన్నారు.