మహారాజశ్రీ తులిప్ గడ్డ గారికి

కోనసీమ నుంచి, తమకు నాలుగు నెలలపాటు ఫ్రిజ్‌లో చోటిచ్చిన ఇల్లాలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆచారం గానీ, మీవాళ్లని తొమ్మిది మందిని నా చేతుల్తోనే పెంటకుప్పలో వేశాను కాబట్టి ఆ మాట రాయడానికి పెన్ను కదలడం లేదు.

మీరు మా ఇంటికి రావడమే ఒక పొరపాటుతో మొదలైంది. "బల్బులు ఆర్డర్ పెట్టాను, ఆదివారానికి వస్తాయి" అని నేనన్న మాట నమ్మి మావారు హాల్లో మాడిపోయిన లైటు మార్చకుండా నాలుగు రోజులు చీకట్లో కూర్చుని టీవీ చూశారు. పార్సిల్ విప్పితే పది ఉల్లిపాయలు. "ఇవి వెలుగుతాయా?" అన్నారు. "పూస్తాయి" అన్నాను. పదింటికీ కలిపి తొమ్మిది వందలు పెట్టానని ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది. చదవరు లెండి.

డబ్బా మీది బొమ్మలో మీరు నీలంగా మెరిసిపోతున్నారు. అసలు నీలం తులిప్ అన్నదే లోకంలో లేదని, నల్ల తులిప్ అని చెప్పేది కూడా ముదురు వంకాయ రంగేనని తర్వాత తెలిసింది. అమ్మినవాళ్ల పేరు ఎత్తను. పెళ్లిచూపులకి పదేళ్ల కిందటి ఫొటో పంపిన సంబంధాలు మా ఇంట్లోనూ జరిగాయి, సంసారాలు సాగుతూనే ఉన్నాయి.

సరే, వచ్చారు. ఇక మీ మర్యాదలు!

మా గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడికి జరిగే మర్యాదలు మీరు వినే ఉంటారు. సంక్రాంతికి వంద రకాలు వడ్డించి, ఆయన ఒక్కోదాన్నీ కొరికి భయంగా నవ్వుతుంటే ఫొటో తీసి చుట్టాలందరికీ పంపే నేల ఇది. అయినా ఆ అల్లుడు కనుమ దాటాక బట్టలు సర్దుకుంటాడు. మీరు వినాయక చవితికి దిగి సంక్రాంతి దాకా మంచం దిగలేదు. అల్లుడు అలిగితే బండి అడుగుతాడు, ఉంగరం అడుగుతాడు, అప్పో సప్పో చేసి తెస్తాం. మీరు చలికాలం అడిగారు. ఎవరి దగ్గర అప్పు తేవాలండీ?

మీ ఇబ్బంది నాకు తెలియక కాదు. మధ్య ఆసియా కొండల్లో మంచు కింద పెరిగిన వంశం మీది. నాటడానికి ముందే, వేసవిలోనే, కడుపులో చిట్టి మొగ్గ తయారుచేసి పెట్టుకుంటారు. అంతవరకూ మెచ్చుకోవాల్సిందే. కానీ 12 నుంచి 16 వారాలు, 9 డిగ్రీల లోపు చలి తగిలితే గానీ లోపలి పిండి చక్కెరగా మారదు, కాడ సాగదు. చలి చాలకపోతే పువ్వు మట్టి మీదే చతికిలబడుతుంది, లేదంటే మొగ్గలోనే మాడిపోతుంది. మా ఊళ్లో 18 డిగ్రీలకే మఫ్లర్లు చుట్టుకుని భోగిమంటలోకి దూరిపోతాం. 9 డిగ్రీలంటే లంబసింగి టూరు వేసి సెల్ఫీ దిగే సరుకు.

కాబట్టి ఫ్రిజ్‌లో కూరల ట్రే మీకు విడిది అయింది. మీరు దిగిన వారమే మా మరిది ఎక్కడెక్కడో తిరిగి ఒక పులస సంపాదించుకొచ్చాడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మా వైపు. వండిన రోజు కంటే మర్నాడు దాని రుచి. మిగిలిన పులుసు గిన్నె పెట్టడానికి చోటు లేక అత్తయ్యగారు ట్రే లాగి, కాగితం సంచిలో మిమ్మల్ని చూసి, "ఈ ఉల్లిపాయలు బయట పెట్టొచ్చుగా తల్లీ" అన్నారు. "అవి చల్లగానే ఉండాలి అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ గిన్నె మళ్లీ పొయ్యిగట్టు మీద పెట్టి, నా వంక కాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆవిడ అన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఆరోజు అనని మాట ఒక ఎత్తు.

తర్వాత తుపాను వచ్చింది. రెండు రోజులు కరెంటు లేదు. ఫోన్ చార్జింగు గురించి ఊరంతా టెన్షన్ పడుతుంటే నేను మీ గురించి పడ్డాను. మావారిని బతిమాలి చేపల మార్కెట్టు నుంచి ఐసు తెప్పించాను. రొయ్యల కోసం కొట్టే ఐసులో పడుకున్న తులిప్పులు ప్రపంచంలో మీరొక్కరే అయ్యుంటారు.

ఇంత చేసినా నేనొక చోట దెబ్బతిన్నాను. మగ్గే పండ్ల పక్కన మిమ్మల్ని ఉంచకూడదట. పండు మగ్గేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. గదుల్లో పెట్టి అరటి గెలల్ని మగ్గబెట్టేదీ ఆ వాయువే. అది సోకితే గడ్డ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మొగ్గ చచ్చిపోతుంది. ఈ సంగతి నాకు తెలిసేసరికి కార్తీక మాసం నడుస్తోంది. అంటే మా ఇంట్లో పండులేని అర లేదు. సీతాఫలాలు, సపోటాలు, నోములకి వచ్చిన జామపళ్లు అన్నీ మీ నెత్తి మీదే ఉన్నాయి. రావులపాలెం అరటి మార్కెట్టుకి ఇంత దగ్గర్లో ఉంటూ, మగ్గిన పండు వాసన గిట్టని అతిథిని ఇంటికి పిలవడం నా బుద్ధితక్కువే. ఒప్పుకుంటున్నాను.

అన్నట్టు మా వైపు మీకు మరీ కొత్తేం కాదు. మీ పెంపుడు దేశమైన హాలండ్‌వాళ్లని మా పెద్దలు వలందులు అనేవారు. ఇస్తాంబుల్ సుల్తానుల తోటల్లో ఉన్న మిమ్మల్ని క్లూసియస్ అనే పండితుడు 1590లలో లైడెన్‌లో నాటితే, కొద్దికాలానికే ఆ దేశపు ఓడలు మా తీరానికొచ్చి లంగరు వేశాయి. పాలకొల్లులో, ద్రాక్షారామంలో, కాకినాడ పక్క జగన్నాథపురంలో గిడ్డంగులు పెట్టుకున్నారు. నరసాపురంలో వలంధర రేవు పేరులో ఇంకా ఆ వాసన ఉంది. మా సాలీలు నేసిన బట్టలు ఓడలకెత్తుకుని పోయారు. చివరికి జగన్నాథపురాన్ని కూడా 1825లో ఇంగ్లీషువాళ్ల చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఇన్నేళ్లలో మా గుడ్డలు అక్కడికి వెళ్లాయి గానీ మీ గడ్డలు ఇక్కడికి రాలేదు. మొదట్లో అది వాళ్ల తెలివితక్కువ పని అనుకున్నాను. వాళ్లకి మా ఎండ తెలుసు కాబట్టి తేలేదని ఇప్పుడు అర్థమైంది.

పైగా మీ పేరు విని వాళ్ల సొంత ఊళ్లోనే గుండెలు గుబేలుమన్నాయి కదా. 1636 చలికాలంలో, ఇంకా భూమిలోనే ఉన్న గడ్డని ఎవరూ తవ్వి చూడకుండా, చీటీల మీదే చేతులు మార్చారు. వాళ్లు దీనికి గాలివ్యాపారం అని పేరు కూడా పెట్టుకున్నారు. 1637 ఫిబ్రవరిలో హార్లెమ్‌లో వేలంపాటకి పాడేవాడు లేక ధర కూలింది. చెరువులో రొయ్య కనపడకముందే రేటు మాట్లాడుకునే మా భీమవరం వైపు వాళ్లకి ఈ కథ చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అడ్వాన్సు తిరిగిచ్చారా?" అని మాత్రం అడిగారు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది మరొకటి. ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువ ధర పలికిన చారల తులిప్పులకి ఆ చారలు ఎలా వచ్చాయంటే, జబ్బు వల్ల. పేనుబంక మోసుకొచ్చిన వైరస్ వల్ల. మా అరటికీ పేనుబంక వల్లే బంచీటాప్ తెగులు వస్తుంది. వస్తే మొక్కని దుంపతో సహా పీకి తగలబెట్టి, రైతు తల పట్టుకుని గట్టు మీద కూర్చుంటాడు. అలాంటి పురుగే మీ మీద వాలితే పటం కట్టించుకున్నారు. పుట్టినచోటు మంచిదైతే జబ్బు కూడా అందమే.

సంక్రాంతి వెళ్లగానే నాటాను. అప్పుడు లెక్కపెడితే తొమ్మిదే ఉన్నారు. పదోవారు ఏమయ్యారో తెలియలేదు. అత్తయ్యగారు ఉల్లిపాయ పులుసు పెట్టిన రోజు ఒకటి గుర్తుంది. అనుమానమే, సాక్ష్యం లేదు.

నాటడానికి మా ఒండ్రు మట్టి మీకు పడదు, నీళ్లు నిలిస్తే కుళ్లిపోతారు. ఇసుక కలపాలి. గోదావరి ఒడ్డున పుట్టి బస్తా ఇసుక డబ్బులిచ్చి కొన్నానని మా నాన్నగారికి తెలిస్తే ఏమనేవారో. గడ్డ ఎత్తుకి మూడింతల లోతు, మొన పైకి, కుండీ తూర్పు అరుగు మీద, మధ్యాహ్నం ఎండ తగలకుండా తడిపిన గోనెపట్టా అడ్డం. ఇసుక కోసం తిరుగుతూ కడియం దాకా వెళ్లినప్పుడు ఒక నర్సరీ ఆయనకి మీ సంగతి చెప్పాను. ఆయన నవ్వకుండా, "అమ్మా, అది మన దగ్గర బతికే రకమైతే మేం ఇన్నాళ్లు ఊరుకుంటామాండీ?" అన్నాడు. ఎకరాల కొద్దీ దేశదేశాల మొక్కలు పెట్టుకుని కూర్చున్న మనిషి మాట అది. వినాల్సింది.

ఫలితం మీకు తెలిసిందే అయినా రికార్డు కోసం రాస్తున్నాను. ఇద్దరు కుళ్లారు. నలుగురు రెండేసి ఆకులిచ్చి ఊరుకున్నారు. ఇద్దరి మొగ్గలు ఆకుల మధ్యే కాగితంలా ఎండాయి. ఒక్కరు, ఒకే ఒక్కరు, ఫిబ్రవరిలో పూశారు. ఎర్రగా. నీలం కాదు. బొటనవేలంత కాడ. పొద్దున్న దొప్పలా ఉన్న పువ్వు పదకొండు గంటల ఎండకి అన్నం తినే కంచంలా పరుచుకుంది. వేడి తగిలితే మీకు అలా విచ్చుకోవడం అలవాటట. మర్నాటికి రేకులు రాలాయి.

ఆ ఒక్కరోజులో చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి చూశారు. పక్కింటి పిన్నిగారు మోకాళ్ల మీద వంగి, ముక్కు ఆనించి, "వాసన లేదేంటే?" అన్నారు. లేదు. "జడలో పెట్టుకోవచ్చా?" ఆ కాడతో కుదరదు. "పోనీ దేవుడికి?" ఒక్క పువ్వే, కోయబుద్ధి కాలేదు. "పోనీ గడ్డ కూరకైనా పనికొస్తుందా?" అని చివరగా ఆశగా అడిగారు. కందాబచ్చలి మీద బతికే నేల కదా, గడ్డ అనగానే అందరి మనసూ పోపు మీదికే పోతుంది. దీనికి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణలో తిండి లేక మీ దేశంవాళ్లు మధ్యలో మొలక తీసేసి మిమ్మల్ని ఉడకబెట్టుకు తిన్నారు. పిన్నిగారు ఆ మాట విని లేచి నిలబడి, "పాపం" అన్నారు. మిమ్మల్నో, వాళ్లనో.

అత్తయ్యగారు ఏమీ అనలేదన్నానుగా. మార్చి నెలాఖరున, టీవీలో శ్రీనగర్‌లో మీవాళ్లు లక్షల్లో విరగబూసి, జనం తిరణాలలా ఎగబడుతుంటే చూసి, "అక్కడికి టికెట్టు ఎంతవుతుంది?" అని మాత్రం అడిగారు. లెక్కేస్తే ఇసుక, ఐసు, గడ్డలు, కరెంటు కలిపి రైలుకి సరిపోయేవి.

ఇప్పుడు మా బావిగట్టు వెనక మే పువ్వు పూసింది. ఫుట్‌బాల్ లిల్లీ అంటారు పట్నంలో. అదీ గడ్డే. చలికాలమంతా ఉందో లేదో తెలియదు, ఆకు కూడా ఉండదు. ఎవరూ నీళ్లు పోయరు, అంట్లు తోమిన నీళ్లే దాని అభిషేకం. మే నెల వచ్చేసరికి ఎర్రటి బంతి నెత్తిన పెట్టుకుని నిలబడుతుంది. దేశభక్తితో అనడం లేదు, దాని పుట్టిల్లు ఆఫ్రికా. జడలోకి మేం లిల్లీ పూలని కొనుక్కునే నేలసంపెంగ మెక్సికోది. వచ్చినవాళ్లే అందరూ. ఫ్రిజ్ మాత్రం మీరొక్కరే అడిగారు.

అసలు ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్పలేదు. రోహిణి కార్తె వచ్చింది, రోళ్లు పగిలే ఎండ. మామిడిపళ్లకి చోటు చేద్దామని నిన్న ఫ్రిజ్ మొత్తం విప్పి కడిగాను. కూరల ట్రే పూర్తిగా బయటికి లాగితే, వెనక నీళ్లు కారే సందులో, కాగితం ముక్క అంటుకుని, మీరు. పదోవారు. ఎనిమిది నెలలుగా ఒంటరిగా. నెత్తి మీద వేలెడు మొలక, పాలిపోయి, తలుపు వైపు వంగి.

మిమ్మల్ని బయటికి తెస్తే ఈ ఎండకి సాయంత్రం దాకా ఉండరు. లోపల ఉంచితే ఎన్నాళ్లుంటారో, ఎందుకుంటారో నాకు తెలీదు. అత్తయ్యగారు కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ల బుట్ట చేత్తో పట్టుకుని వెనకే నిలబడి ఉన్నారు. మగ్గిన పళ్లు, ఘుమఘుమలాడుతున్నాయి.

పళ్లు బయటే పెట్టించాను. తిరుగుటపాలో జవాబు రాయగలరు.

ఇట్లు,
మీ విధేయురాలు