బైపాస్ పక్కనున్న షాపింగ్ మాల్ గారి సముఖమునకు

మహారాజశ్రీ షాపింగ్ మాల్ గారికి, రోడ్డుకు ఇవతలి కాలనీలో కాపురముంటున్న విశ్రాంత అకౌంట్స్ గుమాస్తా నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి. 'ఉభయ' అన్నది అలవాటు కొద్దీ రాశాను. మేము కుశలమే, మీ కుశలం గురించే తిరుపతిలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. నిన్న సాయంత్రం చూస్తే మీ నెత్తిన వెలిగే పేరులో మూడక్షరాలు ఆరిపోయి ఉన్నాయి. మిగిలిన అక్షరాలను కలుపుకుని చదివితే వచ్చే మాట పెద్దలకు రాసే ఉత్తరంలో రాయదగింది కాదు.

మీరు వెలసిన చోట మునుపు వేరుశనగ చేను, దాని గట్టు వెంబడి కొండ నీళ్లు దిగే చిన్న వంక ఉండేవి. పునాదులు తీసేటప్పుడు వంకను పక్కకు మళ్లించామని మీవాళ్లు చెప్పారు. ఆ సంగతి వంకకు ఎవరూ చెప్పినట్టు లేదు. 2021 నవంబరులో వానలు తిరుపతిని ముంచెత్తినప్పుడు అది తన పాత దారినే నడిచి వచ్చి, మీ సెల్లారులోకి దిగి, అక్కడున్న మోటారు సైకిళ్లనూ జనరేటరునూ పలకరించి, నాలుగు రోజులు మీ ఆతిథ్యం పుచ్చుకుని మరీ వెళ్లింది. పార్కింగు చీటీ తీసుకోకుండా సెల్లారులో అంతసేపు ఉన్నది అదొక్కటే.

ప్రారంభోత్సవం నాటి వైభవం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. సినిమా నటి వచ్చి రిబ్బను కత్తిరించేసరికి బైపాస్ మీద బస్సులు బారులు తీరాయి. మా వీధి ఆడవాళ్లందరూ పెళ్లికి వచ్చినట్టు పట్టుచీరలు కట్టుకుని వచ్చి, ఎస్కలేటర్ మొదట్లో ఒకరి చేయి ఒకరు పట్టుకుని, కదిలే మెట్లలో ఏ మెట్టు తమదో తేల్చుకోలేక నిలబడిపోతే, మీ సెక్యూరిటీ కుర్రవాడు "కుడికాలు ముందు పెట్టండమ్మా" అన్నాడు. మా ఆవిడ కొత్తకోడలు గడప దాటినట్టు ఎడమచేత్తో కుచ్చిళ్లు పైకి పట్టుకుని కుడికాలే పెట్టింది. పైకి చేరాక దిగే మెట్లు ఎక్కడా అని వెతికింది. అవి మీరు కావాలనే అవతలి కొసన పెట్టారు. దిగాలంటే వరసగా పదిహేను అంగళ్ల ముందు నడవాలి గదా.

మీ వంశావళి కొంత తిరగేశాను. మీ మూలపురుషుడు విక్టర్ గ్రుయెన్ అనే వాస్తుశిల్పి, 1903లో వియన్నాలో పుట్టి, నాజీల బాధ పడలేక 1938లో అమెరికా చేరుకున్న యూదుడు. అమెరికాలో ఊళ్లన్నీ కార్ల వెంట శివార్లకు పరుగెత్తుతుంటే, మనుషులు నడుస్తూ, కూర్చుంటూ, మాట్లాడుకుంటూ కాలం గడిపే వియన్నా నడివీధిని ఒక కప్పు కిందికి తేవాలని ఆయన కలగన్నాడు. మినియాపొలిస్ శివారులోని ఈడైనాలో 1956 అక్టోబరు 8న తెరిచిన సౌత్‌డేల్ ఆ కలకు రూపం: 72 అంగళ్లు, నడుమ తోట, పక్షుల పంజరం, ఏడాది పొడవునా 24 డిగ్రీల వాతావరణం. ఆ చలిదేశంలో ఆరుబయట హాయిగా అంగళ్లు తిరగదగిన రోజులు ఏడాదికి 126 మాత్రమేనని లెక్క తేల్చి మరీ దాన్ని నాలుగు వైపులా మూశారు. అక్కడ మంచుకు మూసిన తలుపును ఇక్కడ రోహిణీ ఎండకు మూసుకున్నామన్న మాట. చుట్టూ ఇళ్లు, బడి, ఆసుపత్రి, చెరువు కూడా రావాలన్నది గ్రుయెన్ పథకం. అవి ఆయన అనుకున్నట్టు రాలేదు, అంగళ్లు మాత్రం వచ్చాయి. ఇందులో నా వృత్తికి సంబంధించిన చిన్న కిటుకు ఒకటుంది. కొత్త కట్టడాల విలువలో ఏటా వచ్చే తరుగుదలను మొదటి ఏళ్లలోనే ఎక్కువగా ఖర్చు కింద లెక్క రాసుకోవచ్చని అమెరికా ప్రభుత్వం 1954లో పన్నుల చట్టం మార్చింది. దాంతో బేరాలు జరిగినా జరగకపోయినా కట్టినవాడికి పన్ను కలిసి వచ్చింది. ఊళ్లకు మాల్ అవసరమై కాక, ఖాతాకు నష్టం అవసరమై కట్టినవి ఎన్నో. చివరకు గ్రుయెన్ విసిగి వియన్నాకు తిరిగి వెళితే, 1976లో ఆ ఊరి దక్షిణ శివారులోనూ ఒక పెద్ద మాల్ తెరుచుకుంది. ఆ తర్వాత రెండేళ్లకే ఆయన లండన్‌లో మాట్లాడుతూ, ఈ అక్రమ సంతానానికి తాను మనోవర్తి చెల్లించేది లేదని తెగేసి చెప్పాడు. కన్నతండ్రే కాదన్న బిడ్డలని తెలిసీ మేము మీకు పార్కింగు రుసుము చెల్లించాము.

మన దేశంలో మీ పెద్దన్నలు 1999లో ఢిల్లీలో అన్సల్ ప్లాజాగా, ముంబయిలో క్రాస్‌రోడ్స్‌గా వెలిశారు. క్రాస్‌రోడ్స్ గారు మొదట్లో సెల్‌ఫోనో క్రెడిట్ కార్డో చూపిన వాళ్లనే ఊరికే లోపలికి రానిచ్చేవారట. మీరు అంత దూరం పోలేదు; గుమ్మం దగ్గర పూలమ్మే ఆవిడను గంపతో సహా మెట్లు దింపి ఊరుకున్నారు. ఇక మన రాష్ట్రంలో నాలుగంతస్తుల చీరల కొట్టు కూడా 'షాపింగ్ మాల్' అని బోర్డు పెట్టుకునే ఆచారం ఉంది గనక, పేరు పంచుకున్న ఆ దాయాదులు ఆషాఢంలో చీరలను కిలోల లెక్కన తూచి అమ్మి మీ పరువు తీస్తున్నారన్న మీ బాధ నాకు అర్థమవుతుంది. వాళ్ల దగ్గర ఇప్పటికీ తోపులాట ఉందన్నది వేరే సంగతి.

మీ లెక్క తప్పింది భక్తుల దగ్గర. తిరుమలకు రోజూ అరవై, డెబ్బై వేల మంది వస్తున్నారు, వాళ్లలో పదో వంతు ఇటు తిరిగినా చాలు అని మీ కరపత్రంలో అచ్చువేశారు. కొండ దిగిన మనిషి సంగతి మీకు తెలియదు. గుండుకు చందనం, చేతిలో లడ్డూల సంచి, చంకలో నిద్రపోయే పిల్ల, గుండెలో రైలు టైము. అతడు గోవిందరాజస్వామి గుడి వీధిలో నాలుగు పటాలు, రెండు డజన్ల గాజులు, పిల్లలకు నల్లదారాలు కొని స్టేషనుకు పరుగెత్తుతాడు. అతని కోసం మీరు బైపాస్ మీద గాజు గోడలు కట్టుకుని కూర్చున్నారు. అది చాలనట్టు గ్రౌండ్ ఫ్లోరులో జుట్టుకు సొగసులు దిద్దే సెలూను పెట్టించారు! దేశమంతా వచ్చి తలనీలాలు సమర్పించే ఊళ్లో ఆ ఆలోచన ఎవరిదో వారికి నా నమస్కారం.

మా తోడల్లుడి సంగతి ఇంతవరకు ఎత్తలేదు. ఆయన రిటైరైన డబ్బులో పెద్ద భాగం పెట్టి మీ రెండో అంతస్తులో 120 చదరపు అడుగుల అంగడి కొన్నాడు. మీరు అంగళ్లన్నీ మీ చేతిలో ఉంచుకుని బాడుగకు ఇచ్చి ఉంటే ఏ అంగడి ఎక్కడ ఉండాలో మీరే చూసుకునేవారు. ముందుగానే డబ్బు కావలసి వచ్చి ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. నెలనెలా ఖాయంగా బాడుగ వస్తుందని కాగితం రాసిచ్చారు. తాళంచెవి ఇచ్చిన రోజు నేనూ వెంట వెళ్లాను. టేపు పెట్టి కొలిస్తే లోపల 68 అడుగులే తేలాయి. మిగతాది వరండాలో, లిఫ్టులో, మెట్లలో మీ వాటా అని ఆఫీసు అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ అరవై ఎనిమిదిలో కూడా, సరిగ్గా నడుమ, ఇద్దరు చేతులు కలిపితే గానీ అందని స్తంభం ఉంది. తోడల్లుడు దాన్ని అరచేత్తో ఒకసారి తట్టి, "గట్టిగానే కట్టారు" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. మొదట అందులో మొబైల్ కవర్లు, తర్వాత ఇమిటేషన్ నగలు, ఆ తర్వాత తాళం.

మీకు అసలు దెబ్బ యాంకర్ స్టోర్ రూపంలో వచ్చింది. యాంకర్ అంటే టీవీలో మాట్లాడే అమ్మాయి అనుకున్నాము. లంగరు అని తర్వాత తెలిసింది. జనాన్ని లాక్కువచ్చే పెద్ద కొట్టుకు బాడుగ తక్కువ, దాని నీడలో బతికే చిన్న అంగళ్లకు అడుగు లెక్కన ఎక్కువ. సంతలో ఆశీలు వసూలు చేసేవాడు కూడా పెద్ద బండికి ఎక్కువ, తలగంపకు తక్కువ తీసుకుంటాడు. మీ ధర్మం తలకిందులు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, జూన్ 8న మీరు తలుపులు తెరిచేనాటికి ఊరు ఫోనులోనే బేరాలాడటం నేర్చుకుంది. సినిమా హాళ్లకైతే అక్టోబరు 15 దాకా అనుమతే రాలేదు. లంగరు ఎత్తుకుని పెద్ద కొట్టు వెళ్లిపోయింది. ఆ వెనకే చిన్నవీ. ఈ గతి మీ ఒక్కరిదే అని కుంగిపోకండి. 2023లో ఎనిమిది పెద్ద నగరాల్లో లెక్క తీసిన నైట్ ఫ్రాంక్ అనే స్థిరాస్తి సలహా సంస్థ, నూటికి నలభైకి మించి ఖాళీ పడిన మాల్‌లను దయ్యాల మాల్‌లని పేరు పెట్టి, అవి 64 ఉన్నాయని తేల్చింది. తిరుపతి ఆ ఎనిమిదింటిలో లేదు గనక మీరు లెక్కకు రాని దయ్యం.

అప్పటి నుంచి మీరు వేస్తున్న వేషాలు చూస్తుంటే మా గంగజాతర గుర్తుకొస్తోంది. గంగమ్మ దాక్కున్న పాలెగాణ్ణి పట్టుకోవటానికి బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసి, చివరకు దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించిందంటారు. మీరు దాక్కున్న గిరాకీ కోసం ఇంటర్ కోచింగు సెంటరు వేషం వేశారు, చేనేత ఎగ్జిబిషను వేషం వేశారు, ఒక అంతస్తులో పెళ్లి మండపం వేషం కూడా వేశారు. మీరు మొదటి రోజే దొర వేషం వేసేశారు. ఇక గిరాకీకి అనుమానం రాక ఏమవుతుంది?

ఒక్క మాట మాత్రం మీ మేలు కోరి రాస్తున్నాను. మొదటి రెండేళ్లు మీ నడిమి హాలులో ఆరు బెంచీలు ఉండేవి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మా కాలనీ ముసలివాళ్లమంతా అక్కడ చేరి, మీ చల్లగాలిలో పేపరు చదివి, రాజకీయాలు తేల్చి, పోతూ పోతూ మనవళ్లకు ఏదో ఒకటి కొనేవాళ్లం. గ్రుయెన్ కోరుకున్న వియన్నా ఏదైనా మీలో ఉందంటే అది ఆ ఆరు బెంచీలే. మూడో ఏట మీవాళ్లు, వీళ్లు కూర్చుంటున్నారే గానీ కొనటం లేదని, వాటిని పీకేసి ఆ చోటును మొక్కజొన్న గింజలు ఉడికించి అమ్మే బండికి బాడుగకు ఇచ్చారు. ఆ బండి ఆరు నెలలుంది.

ఆ బెంచీల్లో రెండు ఇప్పుడు మా కాలనీ మలుపులో టీ అంగడి ముందు ఉన్నాయి. పాత సామాన్ల వాడి దగ్గర కొన్నానని టీ అంగడాయన చెప్పాడు. ఒకదానికి కాలు కొంచెం వంగింది, ఇటుక పెట్టాము. రోజూ సాయంత్రం ఐదింటికి మేము వాటి మీదే కూర్చుని మిమ్మల్ని చూస్తుంటాము. మీరు మెట్లు దింపిన పూలమ్మే ఆవిడ కూడా అక్కడే గంప దించుతుంది. బేరం బాగానే ఉన్నట్టుంది. బెంచీలు మళ్లీ కావలసివస్తే కబురు చేయండి, టీ తాగడం అయ్యాక పంపిస్తాము.

ఇట్లు,
రెండో అంతస్తు స్తంభం యజమాని తోడల్లుడు