ఒట్టి సెన్సారేనట!

బంపర్ మీద గోటి గీత పడితే నిద్రపట్టని మనుషులు, మీటర్‌లో ఎర్రగా ఎయిర్‌బ్యాగ్ లైటు నెలల తరబడి వెలుగుతున్నా కిమ్మనకుండా బండి నడిపేస్తుంటారు. ఏంటండీ అది అంటే, “అబ్బే, ఒట్టి సెన్సార్ ప్రాబ్లమ్ అట, మెకానిక్ చెప్పాడు, బండికేం కాదన్నాడు” అంటారు. బండికేం కాదు, నిజమే. ఏమైనా అయితే నడిపేవాడికే అవుతుంది.

మొన్న మా పక్క ఫ్లాట్ ఆయన కారుతో మళ్లీ ఇదే గొడవ. స్టీరింగ్ కాస్త ఎడమకి తిప్పితే హారన్ మోగుతుంది, నేరుగా పెడితే మోగదు. స్టీరింగ్ మీదున్న వాల్యూమ్ బటన్లు వాటి ఇష్టం వచ్చినప్పుడు పనిచేస్తాయి. దానికి తోడు మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు. ఆయన పాపం ముందు హారన్ మార్పించాడు. తర్వాత హారన్‌కి కరెంటు పంపే రిలే మార్పించాడు. డబ్బులు పోయాయి, హారన్ మాత్రం రాలేదు. ఈ మూడూ కలిసి చెడితే అనుమానించాల్సింది హారన్‌ని కాదండీ, స్టీరింగ్ వెనక ఉండే క్లాక్ స్ప్రింగ్‌ని. కొందరు మెకానిక్‌లు స్పైరల్ కేబుల్ అంటారు. పేరేదైనా వస్తువు ఒకటే.

అదేంటో తెలియకపోతే ఈ పోస్ట్ అంతా గోల గోలగా ఉంటుంది కాబట్టి కాస్త చెప్తాను. స్టీరింగ్ తిరుగుతుంది, దాని కింద కాలమ్ తొడుగు తిరగదు. తిరిగేదాని మీద హారన్, బటన్లు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నాయి. కరెంటు రావాల్సింది తిరగని వైపు నుంచి. మధ్యలో మామూలు వైరు వేస్తే నాలుగు యూటర్న్‌లకే మెలిపడి తెగుతుంది. అందుకే అరచేతి వెడల్పు నల్ల ప్లాస్టిక్ డబ్బాలో పల్చటి రిబ్బన్ కేబుల్‌ని చాప చుట్టినట్టు చుట్టి పెడతారు. ఒకవైపు తిప్పితే బిగుస్తుంది, ఇంకోవైపు తిప్పితే వదులవుతుంది. స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అంతకంటే ఓ రవ్వ ఎక్కువ వెసులుబాటు ఇస్తారు, అంతే. ఏళ్ల తరబడి తిప్పగా తిప్పగా లోపలి రాగి రేకు ఎక్కడో చిట్లుతుంది. మొదట్లో స్టీరింగ్ ఉన్న తీరుని బట్టి కాసేపు కలుస్తుంది, కాసేపు విడిపోతుంది. అందుకే పక్కింటాయన హారన్ ఎడమకి తిప్పితేనే మోగేది.

హారన్ పోతే లైట్లు కొట్టుకుంటూ ఎలాగో ఇంటికి చేరతాం. ఎయిర్‌బ్యాగ్ సంగతి అలా కాదు. బండిలోని కంప్యూటర్ ఆ వైరింగ్‌ని ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉంటుంది, తెగిందని తెలియగానే లైటు వేస్తుంది. ఆ లైటు వెలుగుతోందంటే గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా లేనట్టే. కొన్ని బండ్లలో సీటు బెల్టుని ఒక్క లాగు లాగి బిగించే ప్రీటెన్షనర్ కూడా దాంతోపాటే పడుకుంటుంది. గుద్దుకున్నాక బ్యాగ్ నిండడానికి పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు. సరిగ్గా ఆ క్షణంలో స్టీరింగ్ ఎడమకి తిరిగి ఉండాలని మొక్కుకోవాలా మనం?

“మనవాళ్లే భయపెడతారు గానీ కంపెనీలు పట్టించుకోవు” అనేవాళ్లకి ఒక్క సంగతి. 2014 ఏప్రిల్‌లో టయోటా ప్రపంచవ్యాప్తంగా 60 లక్షలకు పైగా బండ్లని రకరకాల లోపాలకి వెనక్కి పిలిచింది. అందులో పెద్ద వాటా ఈ స్పైరల్ కేబుల్‌దే. మన దేశంలో పాత ఇన్నోవాలు దాదాపు 45 వేలు ఆ జాబితాలో ఉన్నాయి. మరుసటి ఏడాది ఫోక్స్‌వ్యాగన్ అమెరికాలో 4 లక్షలకు పైగా కార్లని క్లాక్ స్ప్రింగ్ కోసమే పిలిచింది, లోపలికి చెత్త చేరి ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్ పోతోందని. ఒట్టి సెన్సార్ కోసం ఎవరూ ఇన్ని లక్షల బండ్లు విప్పరు. మీ బండికి ఏదైనా రీకాల్ ఉందేమో చాలా కంపెనీల వెబ్‌సైట్లలో ఛాసిస్ నంబర్ కొడితే తెలిసిపోతుంది. ఉంటే పైసా ఖర్చు లేకుండా మారుస్తారు.

ఇప్పుడు నాకు అసలు మంట ఎక్కడో చెప్తాను. ఈ పార్టు కంపెనీదైతే వేలల్లో ఉంటుంది. ఆ రేటు వినగానే మన ముఖం చూసి మెకానిక్ ఇంకో దారి చూపిస్తాడు: “అన్నా, అంత ఎందుకు, లైటు రాకుండా చేసి ఇస్తా.” చేస్తాడు కూడా. ఒక రెసిస్టర్, అంటే కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క, తగిలించి, ఎయిర్‌బ్యాగ్ అక్కడే ఉందని కంప్యూటర్‌ని నమ్మిస్తాడు. లేదా మీటర్ విప్పి బల్బే పీకేస్తాడు. లైటు పోయింది, మన టెన్షన్ పోయింది, ఎయిర్‌బ్యాగ్ కూడా పోయింది. ఆ మూడోది మనకెవరూ చెప్పరు. తర్వాత ఆ బండిని పెళ్లాం నడుపుతుంది, కొడుకు నడుపుతాడు, రెండేళ్లకి ఇంకెవరో కొనుక్కుంటారు. వాళ్లంతా బ్యాగ్ ఉందనే అనుకుంటారు. వెలుగుతున్న లైటుతో తిరిగేవాడికైనా తన బండిలో ఏం లేదో తెలుసు. దాన్ని ఆర్పించినవాడు మిగతావాళ్లకి ఆ మాత్రం కూడా తెలియకుండా చేశాడు. నాకు దీన్ని మోసం అనడానికి ఏ మొహమాటమూ లేదు.

ప్రభుత్వం 2019 జులై 1 నుంచి కొత్త కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసింది. పక్క సీటుకి 2021 చివరికల్లా చేసింది. బాగుంది. కానీ షోరూమ్ దాటాక అది పనిచేస్తోందో లేదో చూసే నాథుడు లేడు. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఈలోపు మనల్ని అడిగేది పొల్యూషన్ సర్టిఫికెట్, వాళ్లు చూసేది పొగ. బండిలో ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ నడపడం మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం నేరమే. ఎయిర్‌బ్యాగ్ లైటు చూసి చలానా రాసిన పోలీసుని మాత్రం నేనింతవరకు చూడలేదు.

ఇంకోటి, ఈ కేబుల్ దానంతటదే తెగినప్పటికంటే మనవాళ్లు తెంపిన సందర్భాలే నాకు ఎక్కువ కనబడ్డాయి. స్టీరింగ్ ర్యాక్ పనికి, అంటే చక్రాల్ని పక్కకి తిప్పే భాగం పనికి, బండి ఇస్తాం. కుర్రాడు కింద జాయింట్ విప్పుతాడు. ఇక స్టీరింగ్‌కి అడ్డూ ఆపూ ఉండదు. ఎవరో లోపల కూర్చుని సరదాగా గిరగిరా తిప్పుతారు. లోపల రిబ్బన్ టప్పున తెగుతుంది. బండి బయటికి వచ్చేసరికి లైటు వెలుగుతుంటుంది, “ఇది ముందే ఉందన్నా” అంటారు. ర్యాక్ పనికి ఇచ్చేటప్పుడు చక్రాలు నేరుగా పెట్టించి, స్టీరింగ్‌ని సీటు బెల్టుతో కట్టేయమని చెప్పండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇచ్చే ముందు మీటర్ ఫోటో ఒకటి తీసి పెట్టుకోండి.

సరే, తెగింది. పార్టు రావడానికి టైమ్ పడుతుంది. అప్పటిదాకా బండి తీయొచ్చా? క్యాబ్ నడిపి బతికేవాణ్ని ఇంట్లో కూర్చోమని చెప్పడానికి నాకు నోరు రాదు. అయితే కొన్ని సంగతులు తెలిసి నడపాలి. మొదటిది, స్టీరింగ్ తెగిపోతుందని భయపడక్కర్లేదు. చక్రాలు తిప్పేది ఇనప రాడ్, ఈ కేబుల్ కాదు. పవర్ స్టీరింగ్‌కి వేరే లైటు ఉంటుంది, అది వెలిగి స్టీరింగ్ బరువెక్కితే ఆ జబ్బు వేరు. కానీ తిప్పుతుంటే లోపల గరగరమంటున్నా, ఎక్కడో పట్టేసినట్టు అనిపించినా ఇక ఒక్క అడుగు కూడా నడపకండి, తోయించుకునైనా వర్క్‌షాప్‌కి చేర్చండి. బెల్టు మామూలుగా లాక్ అవుతుంది కాబట్టి ఇక మీకు మిగిలిన దిక్కు అదే, వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లినా పెట్టుకోవాల్సిందే. ఛాతీకి స్టీరింగ్ మధ్య భాగానికి కనీసం ఒక జానెడు పైన, అంటే 25 సెంటీమీటర్లు, దూరం ఉండాలి. క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే ఒకే వేగంలో నడిపేది) ఉంటే దాని జోలికి పోకండి, ఆ బటన్లూ ఈ కేబుల్ మీదే ఆధారపడ్డాయి.

హారన్ లేకుండా ఘాట్ రోడ్డు ఎక్కకండి. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి ఎదురు బండి భయం లేదు. శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు దారిలోనో, మారేడుమిల్లి మలుపుల్లోనో ఎదుటివాడికి మనం ఉన్నట్టు తెలిసేదే హారన్ వల్ల. పగటి పూట లైట్లు కొడితే కొండ చుట్టూ తిరిగి వాడికి కనబడవు కదా. ఇంకొందరికి తిరకాసు ఇంకోలా వస్తుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా హారన్ దానంతటదే మోగుతుంది. అప్పుడు ఫ్యూజ్ బాక్స్ మూత మీద బొమ్మ చూసి హారన్ ఫ్యూజ్ ఒక్కటీ తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజ్ ముట్టుకోవద్దు.

వీడియోలు చూసి ఇంట్లో విప్పేద్దామనుకునే ఉత్సాహవంతులకి నా సమాధానం: వద్దు. ఎయిర్‌బ్యాగ్ అంటే పేలుడు పదార్థం, మీ ముఖానికి మూరెడు దూరంలో. బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి, అప్పుడే ఎయిర్‌బ్యాగ్‌కి ఉండే పసుపు రంగు కనెక్టర్ మీద చెయ్యి వేయాలి. ఆ వైర్లకి టెస్ట్ ల్యాంపు, మల్టీమీటర్ పెట్టేవాడు కనబడితే అక్కడి నుంచి బండి తెచ్చేసుకోండి. కొత్త క్లాక్ స్ప్రింగ్ సరిగ్గా మధ్యలో నిలిచేలా పిన్నో టేపో వేసి వస్తుంది. బిగించేముందే అది పీకేసి ‘తిరుగుతోందా’ అని తిప్పి చూస్తే, మొదటి యూటర్న్‌లోనే కొత్తదీ తెగుతుంది. కొన్ని బండ్లలో స్టీరింగ్ ఎంత తిరిగిందో చూసే యాంగిల్ సెన్సార్ కూడా అందులోనే ఉంటుంది, స్కానర్ పెట్టి సెట్ చేయాలి. స్క్రాప్‌లోంచి తెచ్చిన పాతది వద్దేవద్దు, అది ఇప్పటికే సగం ఆయుష్షు తిరిగేసి ఉంటుంది.

పనిలో పనిగా, పక్క సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ అతికించినవాళ్లు దాన్ని కాస్త మధ్యకి జరపండి. కింద ఎయిర్‌బ్యాగ్ ఉంది. అది తెరుచుకుంటే స్వామివారు నేరుగా వచ్చేది మన ముఖం మీదికే.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే ఏసీ, టైర్లు, కిలోమీటర్లు తర్వాత చూడొచ్చు. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి మీటర్ చూడండి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి, కొన్ని సెకన్లకి ఆరాలి. ఆరకపోతే రిపేరు ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు. అసలు వెలగకపోయినా, ఇంజిన్ లైటుతోపాటే వెలిగి దాంతోపాటే ఆరిపోయినా ఎవరో ఏదో చేశారని అనుమానించాల్సిందే. అది ఆరినంత మాత్రాన అంతా బాగుందనీ కాదు, రెసిస్టర్ పెట్టిన బండిలోనూ అలాగే ఆరుతుంది. అందుకే స్టీరింగ్‌ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పుతూ హారన్ నొక్కి చూడండి, మధ్యలో ఎక్కడైనా ఆగితే కవర్ విప్పి చూపించమనండి. చూపించను అంటే, ఎంత తగ్గించినా ఆ బండి తీసుకోకండి.