ఊపిరితిత్తుల కాపలాను మనమే నిద్రపుచ్చాం

బ్లాక్ ఫంగస్ అన్న మాట వింటే నేటికీ 2021 మే నెలే కళ్లముందు మెదులుతుంది. తెలంగాణ దాన్ని అంటువ్యాధుల చట్టం కింద నోటిఫై చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. దాని మందైన ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఊళ్లకు ఊళ్లు తిరిగారు. ఆక్సిజన్ సిలిండర్ల నీళ్లలో ఉందన్నారు, ఉతకని మాస్కుల్లో ఉందన్నారు. నా వాదన వేరు. మన ఒంట్లో కాపలా కాసే కణాల జన్యువులకు స్టెరాయిడ్ మందుల రూపంలో మనమే తప్పుడు ఆదేశాలు పంపాం. అవే ఆదేశాలు ఇవాళ కూడా మందుల షాపు కౌంటరు మీది నుంచి వెళ్తున్నాయి.

ఈ క్షణాన మీరు పీల్చే గాలిలోనూ బూజు సిద్ధబీజాలున్నాయి. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగాటస్ అనే శిలీంధ్రం బీజం రెండు మూడు మైక్రాన్లకు మించదు. ముక్కు వెంట్రుకలను, శ్వాసనాళాల తడిని దాటి నేరుగా ఊపిరితిత్తుల చివరి గాలి బుడగలైన వాయుగోణుల్లో వాలుతుంది. రోజుకు వందల సంఖ్యలో పీలుస్తాం. తడిసిన గడ్డివాము కదిపినవాళ్లయితే ఇంకెన్నో పీలుస్తారు. అయినా జబ్బు పడం, ఎందుకంటే అక్కడ మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు కాపురముంటున్నాయి. బిడ్డ తల్లి కడుపులో ఉండగానే వీటి పూర్వరూప కణాలు ఊపిరితిత్తులకు చేరతాయి. పుట్టిన మొదటి రోజుల్లో జీఎం-సీఎస్ఎఫ్ అనే ప్రోటీన్ పిలుపు అందాక పీపార్-గామా అనే నియంత్రకం వాటి జన్యువులను ఒక్కొక్కటిగా సర్దుతుంది. అప్పుడే అవి ఊపిరితిత్తుల కాపలాదారులవుతాయి. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తయారైన పెద్దవాళ్లలో ఈ కణాలు పని మరచిపోతాయి. వాయుగోణుల్లో జిగురు పదార్థం పేరుకుపోతుంది, కొందరికి క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం సోకుతుంది. కణం ఉన్నా, దాని జన్యువులకు అందాల్సిన మాట అందలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలిపేది ఈ కణాల ఓర్పు. సిద్ధబీజం చుట్టూ రాడ్-ఎ అనే ప్రోటీన్ పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపు రోగనిరోధక వ్యవస్థ దాన్ని పట్టించుకోదని పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో విశుకుమార్ ఐమానియంద బృందం 2009లో చూపింది. గాలిలో వచ్చే ప్రతి బీజానికీ మంట రాజేస్తే వాయుగోణులు వాచిపోతాయి, ఆక్సిజన్ రక్తంలోకి దిగదు. తడి తగిలి బీజం ఉబ్బినప్పుడు పొర విడిపోయి లోపలి బీటా-గ్లూకాన్ బయటపడుతుంది. దాన్ని మాక్రోఫేజ్ మీది డెక్టిన్-1 అనే గ్రాహకం పట్టుకుంటుంది. కబురు కార్డ్-9 అనే ప్రోటీన్ మీదుగా కేంద్రకానికి చేరుతుంది. ఎన్ఎఫ్-కప్పా-బి అనే నియంత్రకం జన్యువులను తెరుస్తుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పరుగున వస్తాయి. అంతవరకూ మూసి ఉండటం, సరిగ్గా ఆ ఘడియకు తెరుచుకోవడం, పని ముగిశాక మళ్లీ మూసుకోవడం. రక్షణ అంటే ఇదే. కార్డ్-9 లోపంతో పుట్టినవాళ్లు మిగతా చాలా సూక్ష్మజీవులను తట్టుకుంటూనే ఫంగస్ దగ్గర ఓడిపోతారు.

ఇప్పుడు కోవిడ్ రోగులకు ఇచ్చిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సంగతి. స్టెరాయిడ్ పనిచేసేది జన్యువుల దగ్గరే. కణంలోకి జారి, తన గ్రాహకాన్ని వెంటబెట్టుకుని కేంద్రకంలోకి నడిచి, ఎన్ఎఫ్-కప్పా-బి తెరవబోయే జన్యువుల నోరు నొక్కేస్తుంది. మాక్రోఫేజ్ బీజాన్ని మింగినా చంపే ఏర్పాటు మందగిస్తుంది. ఇది కోవిడ్ తెచ్చిన కొత్త జ్ఞానం కాదు. స్టెరాయిడ్ ఇచ్చిన ఎలుకల్లో, షుగర్ తెప్పించిన ఎలుకల్లో ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌లు బ్లాక్ ఫంగస్ తెచ్చే రైజోపస్ అనే శిలీంధ్రం బీజాలను మొలకెత్తకుండా ఆపలేకపోతున్నాయని 1980లలోనే రాశారు.

కాలేయంలో అదే స్టెరాయిడ్ జన్యువులను మూయదు, తెరుస్తుంది. చక్కెర తయారుచేసే ఎంజైముల జన్యువులు జోరందుకుంటాయి. షుగర్ అదుపు తప్పి రక్తం ఆమ్లమైతే, ఇనుమును పట్టి ఉంచే ప్రోటీన్ దాన్ని వదిలేస్తుంది. రైజోపస్‌కు ఇనుమే ఆహారం. మాక్రోఫేజ్ తాను మింగిన బీజాన్ని ఇనుము దొరకనీయకుండా ఎండగట్టి నిలువరిస్తుందని గ్రీసులోని క్రీట్ పరిశోధకులు 2018లో నిరూపించారు. పైగా చక్కెర పెరిగినకొద్దీ రక్తనాళాల గోడ మీద జీఆర్‌పీ-78 అనే ప్రోటీన్ పెరుగుతుంది. ఫంగస్ నాళంలోకి చొరబడేది దాన్ని పట్టుకునే. ఒక్క మందు కాపలాను పడుకోబెట్టింది, శత్రువుకు అన్నం పెట్టింది, తలుపు గడియా తీసింది.

2021 జూన్ 28న కేంద్ర ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ చెప్పిన లెక్క చూడండి. దేశంలో 40,845 కేసులు, 3,129 మరణాలు. బాధితుల్లో 26,187 మందికి షుగర్ ఉంది, 21,523 మంది స్టెరాయిడ్లు వాడారు. మొత్తం కేసుల్లో 31,344 మందికి దెబ్బ తగిలింది ముక్కు నుంచి మెదడు దారిలో కదా, ఊపిరితిత్తుల కథ ఎందుకని అడగొచ్చు. రక్తంలో కలిసిన స్టెరాయిడ్ ఒక్క అవయవం దగ్గర ఆగదు. ముక్కులోని కణానికీ ఊపిరితిత్తిలోని కణానికీ వెళ్లే ఆదేశం ఒకటే.

స్టెరాయిడ్లు ప్రాణాలు నిలబెట్టాయి కదా అని వైద్య మిత్రులు గుర్తుచేస్తారు. నిజమే. 2020 జూన్‌లో కోవిడ్ రోగులపై బ్రిటన్ జరిపిన ‘రికవరీ’ అనే ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలేమీ లేదని కూడా ఆ ట్రయలే చెప్పింది. ఆ రెండో మాట మన వాట్సాప్ చీటీల్లోకి ఎక్కలేదు.

కోవిడ్ వెళ్లింది, డెక్సా పోలేదు. జ్వరమొస్తే డెక్సా సూది, మోకాళ్ల నొప్పికి పేరు లేని పొడి, ముఖం తెల్లబడటానికి స్టెరాయిడ్ క్రీమ్. చట్టం ప్రకారం డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ మాత్రలు షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఏ ఊరి కౌంటరు దగ్గరైనా ఐదు నిమిషాలు నిలబడి చూడండి, ఆ చట్టం ఎంతమాత్రం అమలవుతోందో తెలుస్తుంది. మరోవైపు "ఇమ్యూనిటీ పెంచే" పొడులు, కషాయాలు, గోలీలు. రోగనిరోధక శక్తి అంటే పాత్రలో నీళ్లలా ఎంత పోస్తే అంత నిండేదని జనాన్ని నమ్మించారు. పొద్దున ఇమ్యూనిటీ గోలీ, సాయంత్రం స్టెరాయిడ్ సూది తీసుకునే మనిషికి ఈ రెంటికీ ఉన్న వైరుధ్యం తెలియకపోవడం అతని తప్పు కాదు. అతని భాషలో అతనికి ఎవరూ చెప్పలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో 19 ప్రమాదకర శిలీంధ్రాల జాబితా ఇచ్చింది. వాటిలో ఒక్కదానికీ మనుషులకు వేసే టీకా ఇంతవరకూ ఆమోదం పొందలేదు. టీకా లేనిచోట మనకున్న రక్షణ ఆ మాక్రోఫేజ్‌ల జన్యువులే కనుక వాటి జోలికి వెళ్లే మందుకు కాపలా కావాలి. స్టెరాయిడ్ మాత్రల పట్టీ మీద తెలుగులో హెచ్చరిక ఉండాలి. చీటీ లేకుండా అమ్మిన షాపు లైసెన్సు పోవాలి. పల్లెలో జ్వరంతో వచ్చిన రైతుకు డెక్సా సూది ఎత్తే చెయ్యి, ముందుగా అతని వేలి కొసన ఒక్క చుక్క రక్తం తీసి షుగర్ చూడాలి. అందుకు నిమిషం కూడా పట్టదు.