దూది రెక్కలు

బడిలో వేషాల పోటీకి మా అక్క కూతురికి దేవదూత వేషం వచ్చింది. బేగంబజారులో తెల్లగౌను, దూది అంటించిన రెక్కలు కొన్నారు. పిల్ల ముద్దుగానే ఉంది, కాదనను. కానీ ముస్లింలం కదా అని మమ్మల్ని సంతోషపెట్టాలనుకున్నారో ఏమో, టీచరమ్మ మైకులో "ఈ పాప జిబ్రయీల్ దూత" అనేశారు. జిబ్రయీల్ అంటే ప్రవక్తకు ఖురాన్ చేరవేసిన దూత. పక్కనున్న అమ్మీ తల పట్టుకుంది.

దైవదూత అనగానే మనవాళ్లకు క్రిస్మస్ కార్డు మీది అమ్మాయే ఎందుకు గుర్తొస్తుందో! దూతలను ఆడవాళ్లుగా లెక్కగట్టిన మక్కావాసులను "వాళ్ల పుట్టుకను మీరు చూశారా?" అని ఖురాన్ (43:19) ఆనాడే నిలదీసింది. దూతలను కాంతితో సృష్టించారని హదీసు, అంటే ప్రవక్త మాట. రెక్కలంటారా, ఉన్నాయి. జిబ్రయీల్‌కైతే 600. ఎంత దూది కావాలో మీరే లెక్క వేసుకోండి.

చదువుకున్నవాళ్ల నోటా వినే ఇంకో మాట: "మీ సైతాను కూడా దిగజారిన దేవదూతే కదా?" అది క్రైస్తవుల దగ్గర విన్న కథండీ. మా పాత వ్యాఖ్యాతల్లోనూ కొందరు అలా అన్నారు, దాచను. కానీ ఇబ్లీసు, అంటే ఆ సైతాను, జిన్నుల జాతివాడని ఖురాన్ (18:50) తేల్చి చెబుతోంది. జిన్నులది నిప్పు పుట్టుక, మాట వినడమూ మానడమూ వాళ్ల ఇష్టం. దూతలు ఆజ్ఞ మీరరు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇబ్రాహీం ప్రవక్త అతిథుల ఘట్టం. ముక్కూమొహం తెలియనివాళ్లు గడప తొక్కితే ఆయన కాల్చిన దూడను తెచ్చి ముందు పెట్టాడు. ఒక్కరి చెయ్యీ సాగలేదు. ఆయనకు గుబులు పుట్టింది. వచ్చినవాళ్లు తిండి అక్కర్లేని దూతలని ఆయనకేం తెలుసు? హైదరాబాదువాళ్లకు ఈ గుబులు విడమరచి చెప్పాలా! టోలిచౌకిలోని మా ఇంట్లో చుట్టం బిర్యానీ ముట్టకపోతే అమ్మీ ముందు ఉప్పు చూస్తుంది, తర్వాత చుట్టం మొహం చూస్తుంది, ఆ రాత్రి నిద్రపోదు.

ఇక కొందరు మా దూతలను చిత్రగుప్తుడితో పోలుస్తారు. కొంత ఒప్పుకుంటాను, లెక్క రాసేవాళ్లు మాకూ ఉన్నారు. కాకపోతే ఎక్కడో కొలువులో కూర్చోరు. మనిషికి ఇద్దరు చొప్పున వెంటే ఉంటారు.

అబ్బాజాన్‌కు నెల రోజులుగా మెడ పట్టేసింది. అయినా నమాజు చివర కుడివైపూ ఎడమవైపూ పూర్తిగా తిరిగే సలాం చెబుతాడు. నిన్న రాత్రి, ఒక రెక్క ఊడిన గౌనుతోనే పక్కన కూర్చున్న పిల్ల తాతను అడిగింది: "నొప్పిగా ఉంటే ఎడమవైపు మానేయచ్చు కదా నానా?"

"ఎడమవైపు ఆయన నా తప్పులు రాసేవాడు బేటీ. ఆయనకే సలాం ఎగ్గొట్టమంటావా?"