గుంటళ్ళకి శ్రద్ధ లేదంటారేటి, ఆ పని ఎలా ఇచ్చారో చూసారా?

మొన్న ఇచ్ఛాపురంలో చుట్టాల పెళ్ళికెళ్తే బంతిలో మళ్ళీ అదే మాట. ఒడిశా బరంపురంలో రెండు షాపులున్న ఆయన ఒకరు, ట్రాన్స్‌పోర్ట్ ఆయన ఒకరు, ఇంకొకాయన ఏదో ఫ్యాక్టరీలో హెచ్ఆర్, ముగ్గురూ ఒకే పాట: "ఇప్పటి గుంటళ్ళకి పని మీద శ్రద్ధేటీ లేదు, జీతం తీసుకుంటారు, ఫోన్ నొక్కుకుంటారు, చెప్పింది తప్ప చెయ్యరు." పెళ్ళిలో గొడవెందుకని పులిహోర తినేసి లేచిపోయాను గానీ రెండ్రోజుల్నుంచీ అదే నలుగుతోంది లోపల. అందుకే ఇక్కడ రాస్తున్నాను, పెద్దదే అవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందు మా మేనమామ సంగతి చెప్పాలి. బరంపురం పట్టు గురించి వినే ఉంటారు, జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, ఫోడా కుంభ అంచు అంటారు, గుడి గోపురాలు వరసగా లేచినట్టుంటాది. నేసేది మా దేవాంగులే, ఇక్కడ ఒడియా వాళ్ళు డేరా అంటారు మమ్మల్ని, ఎప్పుడో ముత్తాతల కాలంలో ఆంధ్రా వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గాలేసుకున్నారు, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మావయ్యకి అరవై దాటాయి. చిన్నప్పుడు సెలవులకెళ్తే గుంట మగ్గం పక్కన చాప మీద కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి. టకటకా నేస్తూ నేస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేస్తాడు. నాకేం కనపడదు. పడుగులో ఎక్కడో ఒక్క పోగు తెగుంటాది. వేల పోగుల్లో దాన్ని వేలి కొసతో తడిమి పట్టుకుని, ఇంకో పట్టు ముక్క తీసి, కాస్త తడి చేసి, రెండు కొసలూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నలుపు నలిపి పురి పెట్టి, అచ్చులోంచీ పన్నెలోంచీ లాగి బిగించి, మళ్ళీ మొదలెట్టేవాడు. ఒక్క పోగే కదా మావయ్యా, వదిలేస్తే ఎవరికి తెలుస్తాదీ అని అడిగితే "కట్టుకున్నావిడకి తెలుస్తాది కదరా" అన్నాడు. సూపర్‌వైజర్ లేడు, కెమెరా లేదు, పంచింగ్ మెషీన్ లేదు. ఎవరూ చెప్పకుండా పోగు అతికే ఆ మనిషిని చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి "శ్రద్ధ" అన్న మాట ఎవరైనా అలవోకగా వాడేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు నా పని. నేను మగ్గం ఎక్కలేదు, మా ఇంట్లో ఎక్కనివ్వలేదు కూడా, డిగ్రీ అయ్యాక ఒక పార్సిల్ కంపెనీ హబ్‌లో చేరాను, పేరొద్దు. రాత్రి షిఫ్టు. లారీ వస్తుంది, దించేవాడు దించుతాడు, స్కాన్ చేసేవాడు పొద్దున దాకా స్కానే చేస్తాడు, ఇంకొకడు పిన్‌కోడ్ చూసి విసురుతాడు, ఇంకొకడు బస్తాలో వేసి మూతి కడతాడు. నేను మొదటి ఏడాది స్కానింగే. ఒక రాత్రికి కొన్ని వేల సార్లు ఆ కూత, ఇంటికొచ్చి పడుకున్నా చెవిలో అదే కూత. ఏ పార్సిల్‌లో ఏముందో తెలీదు, ఎవరికి చేరిందో తెలీదు, తప్పు జరిగితే కూడా తెలీదు, ఎందుకంటే ఛత్రపూర్‌ది పొరపాట్న గోపాల్‌పూర్ బస్తాలో పడితే ఆ తిట్లు తినేది డెలివరీ కుర్రోడు, మా దాకా రాదు. నెలాఖర్న మాత్రం ఎర్ర అంకె ఒకటి గోడ మీద అంటించేవారు, మిస్‌రూట్‌లు ఇన్ని అని. అందరివీ కలిపి ఒకే అంకె. నాది అందులో ఎంతో నాకు తెలీదు, పక్కోడిది ఎంతో వాడికి తెలీదు.

అక్కడ హింజిలి నుంచి వచ్చే కుర్రోడు ఒకడుండేవాడు. మా మేనేజర్ లెక్కలో నంబర్ వన్ బద్ధకస్తుడు. పార్సిల్ విసిరేవాడు, గంటకోసారి బయటికెళ్ళిపోయేవాడు, "నాకు చెప్పలేదు కదా" అన్నది వాడి ఊతపదం. సరే. ఆ ఏడాది ఠాకురాణి యాత్ర వచ్చింది. తెలియని వాళ్ళకి చెప్తున్నా, బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి జాతర రెండేళ్ళకోసారి జరుగుతుంది, అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు మా డేరాల పెద్ద దేశిబెహెరా వీధికి వస్తుంది, వారాల తరబడి ఊరంతా నిద్రపోదు, వీధి వీధికీ రథాలు కడతారు, జనం వేషాలేస్తారు, పులి వేషం అయితే చెప్పక్కర్లేదు. ఒక రాత్రి మా వీధి చివర పులి వేషానికి రంగులేస్తుంటే ఆగి చూసాను, కూర్చుని గీస్తున్నవాడు ఎవడూ, మా హింజిలి వాడే. ఎదుటోడి వీపు మీద నల్ల చార గీస్తున్నాడు, ఊపిరి బిగబట్టి, చార కొంచెం వంకర పోతే తుడిచి మళ్ళీ గీస్తున్నాడు. రూపాయి లేదు అందులో. తెల్లారి నాలుగైంది. ఫోన్ ఎక్కడో జేబులో మోగుతోంది, తియ్యలేదు.

మరి ఈ మనిషికి శ్రద్ధ లేదా? చెప్పండి.

ఆ తర్వాత నాకు షిఫ్ట్ ఇన్‌చార్జి ఇచ్చారు, అదే టైంలో డిస్టెన్స్‌లో ఎంబీఏ చేస్తున్నాను, పరీక్ష కోసం చదివినవే చాలావరకు, కానీ ఒకచోట మాత్రం ఆగిపోయాను. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అని ఇద్దరు అమెరికా పరిశోధకులు 1970ల్లో చెప్పిన సంగతి. ఒక పని మనిషిని లోపల్నుంచి కదిలించాలంటే ఐదు చూడమన్నారు: ఆ పనిలో రకరకాల నేర్పు వాడుకునే వీలుందా, మొదట్నుంచి చివరి దాకా ఇది నేను చేసింది అని చూపించుకునేంత పని చేతిలో ఉందా, దానివల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా, ఎలా చెయ్యాలో తనే తేల్చుకునే చోటుందా, బాగా చేసానో లేదో ఆ పని నుంచే తెలుస్తోందా. అసలు కిటుకు వాళ్ళ లెక్కలో ఉంది. మొదటి మూడింటికీ సగటు తీసి, దాన్ని స్వేచ్ఛతోటీ, ఫలితం తెలియడంతోటీ గుణిస్తారు. కూడడం కాదు, గుణించడం. అంటే మీరు పనికి ఎంత గొప్ప పేరు పెట్టండి, ఎన్ని స్పీచ్‌లివ్వండి, మనిషికి సొంత నిర్ణయం అంటూ లేకపోయినా, చేసిందాని ఫలితం కంటపడకపోయినా మొత్తం కిందకి పడిపోతుంది. పుస్తకం మూసేసి మావయ్య మగ్గం తలుచుకున్నాను. ఐదుకి ఐదూ ఉన్నాయి. మా హబ్ తలుచుకున్నాను. మూడోది మాత్రం ఉంది నిజానికి, మందులు పంపిస్తాం, పరీక్ష పుస్తకాలు పంపిస్తాం, కానీ అది మాకెవరికీ కనపడేది కాదు.

ఇంకొకటి చదివితే మా నేతకుటుంబం వాణ్ణి కాబట్టి మరీ తగిలింది. 1950ల మొదట్లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు, 224 మగ్గాలకి 29 మంది, పనిని 12 రకాల డ్యూటీలుగా కోసేసారు. నూనె పోసేవాడు నూనే, తెగిన దారం చూసేవాడు అదే, ఊడ్చేవాడు ఊడ్పే. కొత్త మెషీన్లు, అయినా అనుకున్నంత బట్ట రాలేదు, వచ్చింది పాడయ్యేది. లండన్ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఏ.కె. రైస్ అనే ఆయన 1953లో వచ్చి చూసి, ఒక్కొక్క చిన్న బ్యాచ్‌కి కొన్ని మగ్గాలు పూర్తిగా అప్పజెప్తే ఎలా ఉంటుందని మాట కదిపితే, కార్మికులే దాన్ని అందిపుచ్చుకుని తమలో తామే గ్రూపులు కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది. అవే మగ్గాలు, అదే జనం. ఇది అమెరికా సంగతి కాదు, మన దేశంలో మిల్లు కూలీలు చేసి చూపించిందే, అయినా మన మేనేజర్లకి ఇప్పటికీ పనిని ముక్కలు చేసి టైం కొలవమన్న టేలర్ గారి 1911 నాటి స్టాప్‌వాచీయే దేవుడు.

సరే నేను చేసింది పెద్దదేం కాదు. షిఫ్టులో ఉన్న తొమ్మిది మందికీ ఒకడికి స్కానే, ఒకడికి సర్దుడే అనే స్టెప్పులు తీసేసి రూట్లు పంచాను. గోపాల్‌పూర్ ఒకరికి, ఛత్రపూర్ ఒకరికి, దిగపహండి, చికిటి ఒకరికి, ఇచ్ఛాపురం 532312 ఒకరికి, అలా. లారీ అందరూ కలిసి దించడం, ఆ తర్వాత నీ రూట్ పార్సిల్ నువ్వే స్కాన్ చెయ్, నువ్వే సర్దు, బస్తా నువ్వే కట్టు, ఏ వరసలో సర్దుతావో నీ ఇష్టం. బస్తా మీద నీ పేరు. పొద్దున ఆ రూట్ డెలివరీ వాళ్ళు తప్పులుంటే నీకే ఫోన్ చేస్తారు, మేనేజర్‌కి కాదు. హింజిలి వాడికి హింజిలే ఇచ్చాను.

మొదటి వారం గందరగోళం, నిజం ఒప్పుకోవాలి, షిఫ్ట్ అరగంట లేటయింది, ఇద్దరు గొణిగారు, ఒకాయనైతే నాకు పాత పద్ధతే హాయి అన్నాడు, ఇంటి దగ్గర వంద తలనొప్పులున్నాయి, ఇక్కడ బుర్ర పెట్టలేను అన్నాడు. ఆయన్ని లోడింగ్‌లోనే ఉంచాను. అందరికీ ఒకటే కావాలని లేదు, బలవంతంగా అంటగడితే అది ఇంకో రకం పీడ.

కానీ హింజిలి వాడు! మూడో వారానికి వాడి బస్తాలు చూడాలి, బరువువి అడుగున, మందుల డబ్బాలు పైన, డెలివరీ వాడు ఏ వీధి ముందు వెళ్తాడో అడిగి ఆ వరసలో సర్దేవాడు. ఇది ఎవరు చెప్పారు వాడికి? ఒకరోజు ఒక డబ్బా మీద అడ్రస్ సగం చిరిగిపోయింది, పాత పద్ధతిలో అయితే ఆర్టీఓ, అంటే రిటర్న్ టు ఆరిజిన్ అని స్టాంపేసి వెనక్కి పంపేసేవాళ్ళం. వీడు ఆ మిగిలిన సగం చదివి "అన్నా, ఇది మా బడి వెనకాల ఇల్లు, ఆ ముసలాయనకి నెలనెలా సుగర్ మందులొస్తాయి" అని డెలివరీ వాడికి ఫోన్ కొట్టి దారి చెప్పాడు. సాయంత్రం ఆ ముసలాయన అందిందని చెప్పాడట, వీడు డ్యూటీకొచ్చి ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లు! మిస్‌రూట్‌లు తగ్గాయి, లెక్కలిక్కడ పెట్టను, అవి కంపెనీవి. బయటికి పోవడం మానలేదు వాడు, కానీ పార్సిల్ విసరడం మానేసాడు, ఎవరూ మానమని చెప్పలేదు.

ఆడమ్ గ్రాంట్ అనే ఆయన అమెరికాలో ఒక యూనివర్సిటీ కాల్ సెంటర్‌లో చూసింది కూడా ఇదే కదా, 2007లో అచ్చయింది, స్కాలర్‌షిప్‌ల కోసం చందాలడిగే వాళ్ళకి ఆ స్కాలర్‌షిప్‌తో చదువుకున్న విద్యార్థిని ఒక్కసారి కొద్ది నిమిషాలు కలిపించారు. నెల తర్వాత చూస్తే ఫోన్ మీద గడిపే టైం 142 శాతం, తెచ్చిన డబ్బు 171 శాతం పెరిగింది. జీతం పెంచలేదు, టార్గెట్ పెంచలేదు. వాళ్ళకి విద్యార్థి, మా వాడికి ముసలాయన.

తర్వాతేమైందంటే ఎనిమిది నెలలకి పైనుంచి ఆర్డర్, దేశమంతా ఒకే ప్రాసెస్, స్టెప్పుల వారీగానే చెయ్యాలి, మనిషి పేరు బస్తా మీద ఉండకూడదు. నేను రాసాను, ఫోన్ చేసాను, భువనేశ్వర్ వెళ్ళి కూడా చెప్పాను. మీ రిజల్ట్స్ బావున్నాయి కానీ స్టాండర్డ్ కాదన్నారు. అదే నెల్లో గోడ మీద కొత్త పోస్టర్ అంటించారు, "ఓనర్‌షిప్ తీసుకోండి" అని. ఏం తీసుకోవాలి? చేతిలో ఉన్నది లాక్కుని గోడ మీద అంటిస్తే ఎలా తీసుకుంటాడు మనిషి? ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

పైగా "జాబ్ ఎన్‌రిచ్‌మెంట్", అంటే పనిని ఇంకా అర్థవంతంగా చెయ్యడం అని ఒక మాట నేర్చుకున్నారు, దాని పేరుతో స్కానింగ్ వాడికి బస్తాలు లెక్కపెట్టడం కూడా అంటగట్టారు. ఒక విసుగు పనికి ఇంకో విసుగు పని. హెర్జ్‌బర్గ్ అనే అమెరికా సైకాలజిస్టు 1968లోనే చెప్పాడు, ఇది సున్నాకి సున్నా కలపడం అని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే ఎవరో వచ్చి "చూసారా, జీతం కాదు, అర్థమే ముఖ్యం" అని నా పోస్టు పట్టుకుపోతారు. కాదు. మా మావయ్య మగ్గంలో ఐదుకి ఐదూ ఉన్నా ఆయన కొడుకులిద్దరూ మగ్గం ఎక్కలేదు. చీర మీద పెట్టిన రోజులకీ చేతికొచ్చిన డబ్బుకీ పొంతన లేక. ఇష్టమైన పని కదా అని తక్కువకి చేయించుకోవడం మోసం, మా వాళ్ళతో తరాలుగా జరిగిన మోసం అదే. జీతం కడుపుకి, టైంకి ఇవ్వాలి, పూర్తిగా ఇవ్వాలి. అది ఇచ్చాక కూడా మనిషి చెయ్యి పోగు దగ్గర ఆగుతుందా లేదా అన్నది మాత్రం పని ఎలా కట్టారన్నదాన్ని బట్టే ఉంటుంది, నేను చూసాను కాబట్టి చెప్తున్నాను.

పెళ్ళిలో కలిసిన షాపాయనకి అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నా. మీ కౌంటర్లో కుర్రోడికి ఒక అర మొత్తం అప్పజెప్పండి సార్, ఏం తెప్పించాలో వాణ్ణే రాయమనండి, అమ్ముడుపోనిది ఎందుకు పోలేదో వాణ్ణే అడగండి. ట్రాన్స్‌పోర్ట్ ఆయనా, డ్రైవర్ సరుకు దించాక అక్కడివాళ్ళు ఏమన్నారో తిట్లు మాత్రమే కాదు, మంచి మాట కూడా వాడి చెవిన వెయ్యండి. హెచ్ఆర్ గారూ, మీరు ఒక వారం వాళ్ళ షిఫ్టులో ఆ ఒక్క స్టెప్పే చెయ్యండి, ఎనిమిది గంటలు, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

హింజిలి వాడు పాత పద్ధతి మళ్ళీ వచ్చిన మూడు నెలలకి మానేసాడు. మా గంజాం జిల్లా కుర్రోళ్ళు లక్షల్లో వెళ్ళినట్టే సూరత్ వెళ్ళిపోయాడు, పవర్‌లూమ్‌లో పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ లెక్కన కూలి, ఇక్కడికంటే ఎక్కువే వస్తుందట. పోయిన ఆదివారం ఫోన్ చేసాడు. వెనకాల మగ్గాల మోతకి సగం మాటలు వినపడలేదు. కుశలాలయ్యాక అడిగింది ఒకటే, "ఈసారి ఠాకురాణి యాత్ర డేట్లు వచ్చాయా అన్నా, లీవ్ ఇవ్వకపోతే మానేసైనా వచ్చేస్తాను, పోయినసారి ఆ పులి చెవుల దగ్గర నాకు సరిగ్గా కుదర్లేదు."